ఫోటో కింద ఎవరి పేరు

మీలో ఎవరైనా రాయ్‌పూర్ నించి బస్తర్ వైపు పాత ఫియట్ కారులో వెళ్ళాలనుకుంటే ఒక్క మాట వినండి. వెనక సీట్లో మాత్రం కూర్చోకండి. స్ప్రింగులు ఎక్కడెక్కడ ఉన్నాయో కంటికి కనపడదు, నడుముకి తెలుస్తుంది. నేను నాలుగు రోజులు కూర్చుని వచ్చాను. అందుకే ఇది నిలబడి రాస్తున్నాను, నేను పనిచేసే దుకాణంలో జిరాక్స్ మిషను మూత మీద కాగితం పెట్టుకుని. మధ్యలో ఎవరో ఒకరు పాస్‌పోర్ట్ సైజు ఫోటోకి వస్తారు, తీసి పంపి మళ్ళీ రాస్తాను. ఎక్కడైనా మాట తెగితే అది వాళ్ళ వల్లే అనుకోండి.

బీర్‌గావ్ నించి బయల్దేరాం

మా బాబాయి పేరు సింహాచలం. టెక్కలి వైపు నించి కుర్రతనంలో వచ్చేసి, రాయ్‌పూర్ శివార్లలో బీర్‌గావ్ పక్కనున్న ఉర్లాలో లారీలకి రంగులేసి, ఇప్పుడు అక్కడే సొంతంగా డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు పెట్టుకున్నాడు. తుక్కులోకి పోతున్న ఫియట్‌ని కొని మూడేళ్ళు దానితో కుస్తీ పట్టి, పావురం మెడ మీద ఎండ పడితే మెరుస్తుందే, ఆ ఆకుపచ్చ వేశాడు. ఆ రంగు డబ్బాలో దొరకదు. ఏమేం కలిపాడో పిన్నికి కూడా చెప్పడు.

రాయ్‌పూర్ చుట్టుపక్కల ఇలాంటి పిచ్చివాళ్ళు ఇంకొంతమంది ఉన్నారు. వాళ్ళకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ఆదివారం పొద్దున్నే బండి కడగడం, తుడవడం, ఫోటో తీసి గ్రూపులో పెట్టడం, మిగతావాళ్ళు "వాహ్, క్యా చీజ్ హై" అనడం. ఫోటో కింద రెండే రాస్తారు, బండి పేరు, బండి ఎవరిదో వాళ్ళ పేరు. బండి లేనివాళ్ళకి గ్రూపులో చోటు లేదు.

నాకు బండి లేదు. నాకున్నది సెకండ్‌హ్యాండ్ కెమెరా. బాబాయి ఫియట్‌ని తీసేది నేనే. అవి చూసి ముచ్చటపడి తివారీ భయ్యా తన కాంటెస్సాని తీయమన్నాడు, తర్వాత సాహు గారు తన మారుతిని, తర్వాత పప్పూ తన జీపుని. రెండేళ్ళుగా ఆ గ్రూపులో వాహ్‌లన్నీ నేను తీసినవాటికే, పేర్లు మాత్రం వాళ్ళవి. గ్రూపులో నేను లేను కాబట్టి ఆ వాహ్‌లని కూడా బాబాయి ఫోన్లోనే చూసుకోవాలి.

ఏటా దీపావళికి ముందు నాలుగైదు బండ్లు కలిసి చిత్రకోట్ జలపాతం దాకా వెళ్తాయి. అక్కడే కొత్త ఏడాది క్యాలెండర్ అట్ట మీదికి ఏ ఫోటో వెళ్ళాలో తేలుస్తారు. ఈసారి నన్ను కూడా తీసుకెళ్ళారు, ఫోటోల కోసం. ముందు రోజు సాయంత్రం షెడ్డులో బాబాయితో అనేశాను.

"బాబాయ్, ఈసారి నా ఫోటో అట్ట మీదికెళ్తే కింద నా పేరు కూడా ఉండాలి."

బాబాయి ఎమరీ పేపర్‌తో బంపరు రుద్దుతున్నాడు. తలెత్తలేదు. "పేరెందుకే గుంటా? ఇంట్లో అందరికీ తెల్సు కదేటి."

"ఇంట్లో తెలిస్తే నాకేటొచ్చింది?"

"అయిదేళ్ళయింది. ఒక్కసారీ మన ఫియట్ అట్ట మీదికి ఎక్కలేదు. ముందది ఎక్కనీ. తర్వాత నీ పేరు, నా పేరు, పిన్ని పేరు, అందరివీ రాయిద్దాం."

అదేమీ అవుననడం కాదు, కాదనడం కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడుసార్లు లేచి బ్యాటరీ ఛార్జింగ్ చూసుకున్నాను.

ధమ్‌తరీ దారిలో

నాలుగు బండ్లు. ముందు తివారీ భయ్యా తెల్ల కాంటెస్సా. ఆయనకి తిల్దాలో రైసు మిల్లుంది. అరవై దాటినా మీసానికి నల్లరంగు, బండికి తెల్లరంగు, రెండూ చెదరనివ్వడు. గ్రూపుకి పెద్దదిక్కు ఆయనే. తర్వాత సాహు గారి మొదటి మోడల్ మారుతి, అందులో ఆయన భార్య సావిత్రి భాభీ, వెనక సీటు నిండా డబ్బాలు. ఆ తర్వాత పప్పూ జీపు. పప్పూ ఉర్లాలోనే వెల్డింగు చేస్తాడు, నా కన్నా రెండేళ్ళు పెద్ద, వాగడంలో నాకు సరిజోడు. ఆఖర్న మేము. వీళ్ళ మాటలన్నీ హిందీ, ఛత్తీస్‌గఢీ. మీకోసం నేను తెలుగులో రాస్తున్నాను, కమ్మదనం కొంచెం తగ్గితే క్షమించండి.

వేగం యాభై దాటదు. కాంటెస్సా వేడెక్కితే అందరూ ఆగాలి, మారుతికి ఆకలేస్తే అందరూ ఆగాలి. మారుతికి ఆకలంటే సావిత్రి భాభీకి. కురూద్ దాటక ముందే ఫరా డబ్బా తెరిచింది. మన కుడుముల్లాంటివే, పొడుగ్గా చేసి ఆవిరి మీద ఉడికించి, ఆవాలు, పచ్చిమిర్చి, నువ్వులతో తాలింపు వేస్తారు. మా అమ్మ వీటిని చూస్తే "కుడుముకి తాలింపేటి?" అంటుంది, తర్వాత ఆరు తింటుంది. ధమ్‌తరీలో టీ పది రూపాయలు, అటుకుల పోహా ప్లేటు ఇరవై, అడగకుండానే పక్కన జిలేబీ ముక్క. రాయ్‌పూర్‌లో పుట్టినదాన్ని కాబట్టి పోహాలో జిలేబీ ముంచుకోవడం నాకు వింత కాదు. మా తాతగారి ఊరివాళ్ళకి చెప్తే మాత్రం నమ్మరు.

నాకు మాత్రం ఏదీ దిగట్లేదు. ప్రతి మలుపులో ఫోటో కనపడుతోంది. ఆపమంటే బాబాయి ఆపడు, ముందు బండి దూరమైపోతుందట. కిటికీలోంచి సగం బయటికొచ్చి తీస్తుంటే ముందు జీపులోంచి పప్పూ అరుపు, "ఓ మేడమ్, పడితే రెండో ముక్క ఏ డబ్బాలో పెట్టాలి?"

"నీ నోట్లో పెట్టు, కాసేపు మూసుకుంటుంది!"

కాంకేర్

రాత్రికి కాంకేర్‌లో దిగాం. లాడ్జీలో నేనూ భాభీ ఒక గది, నాలుగు వందలు. పొద్దున్నే కొండ కింద పొగమంచులో నాలుగు బండ్లనీ వరసలో పెట్టించి ఫోటోలు తీశాను.

ఇక్కడ వీళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. ఫోటోలో నంబర్ ప్లేటు కనపడకూడదు. ఎవరైనా ఆ నంబరు వాడుకుని మోసం చేస్తారని భయం. మొదట్లో ఆకులు అడ్డం పెట్టేవాళ్ళు, చేతిరుమాళ్ళు వేసేవాళ్ళు. తర్వాత సావిత్రి భాభీ నల్ల వెల్వెట్టు గుడ్డతో ఎలాస్టిక్ పెట్టి దిండు గలీబుల్లాంటివి కుట్టిచ్చింది. ప్లేటుకి తొడిగితే సరిపోతుంది. చూడ్డానికి బాగుంటాయి కూడా, బండి కళ్ళకి గంతలు కట్టినట్టు.

తీయడం మర్చిపోయాం. నాలుగు బండ్లకీ, ముందూ వెనకా. ఎనిమిది గంతలతో బయల్దేరాం.

ఘాట్ కింద

కేశకాల్ ఘాట్ ఎక్కే ముందు రోడ్డుకి అడ్డంగా కర్ర ఉంది. అడవి దారి, పోలీసులు ఊరికే కూడా బండ్లు ఆపి చూస్తారు. అలాంటి చోట నాలుగు పాతకాలం కార్లు, నంబర్లకి నల్లగుడ్డలు కట్టుకుని వరసగా వస్తే వాళ్ళేమనుకుంటారో మీరే చెప్పండి. పరుగున వచ్చి నాలుగు పక్కలా నిలబడ్డారు. తుపాకుల్ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. బాబాయి స్టీరింగు వదిలి రెండు చేతులూ పైకెత్తేశాడు.

"బాబాయ్, సినిమా కాదు, దించు."

"నువ్వూరుకోయే!"

చిన్న వయసు ఎస్సై ఒకాయన వచ్చాడు. తివారీ భయ్యా దిగి మీసం సర్దుకుని చెప్పడం మొదలుపెట్టాడు, సార్ మేము పాత బండ్లంటే సరదా పడే శౌకీన్ మనుషులం, ఫోటోల కోసం తొడిగాం, మర్చిపోయాం. ఎస్సై వెల్వెట్టు గలీబు ఒకటి లాగి, పట్టి చూసి, "ఫోటో కోసం బండికి బురఖా వేస్తారా?" అన్నాడు. పక్కన కానిస్టేబుల్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా కెమెరా ఇమ్మన్నాడు. నా ప్రాణం పోయింది. రెండేళ్ళ జీతంలో మిగుల్చుకుని కొన్నది. ఆయన ఒక్కొక్క ఫోటో నొక్కుతూ పోతున్నాడు. నొక్కుతూ నొక్కుతూ నెమ్మదించాడు. ఒకచోట ఆగి, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది ఎవరిది?"

"నాది సార్, కాంటెస్సా," అన్నాడు తివారీ భయ్యా.

"ఇది?"

"ఫియట్, హమారా హై సార్," అన్నాడు బాబాయి.

ఎస్సై విసుక్కున్నాడు. "బండి ఎవరిదని కాదయ్యా అడుగుతున్నది. ఫోటో తీసిందెవరు?"

ఎవరూ మాట్లాడలేదు. చెప్పకూడదని కాదు. ఆ ప్రశ్న ఎప్పుడూ ఎవరూ అడగలేదు, అందుకని వాళ్ళకి తట్టలేదు. నేను చెయ్యెత్తాను, బళ్ళో ఎత్తినట్టు.

"నేను సార్. తులసి."

కానిస్టేబుల్ రిజిస్టరులో రాసుకున్నాడు. ఫోటోలు తీసినవారు, తులసి, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు. ఎస్సై కెమెరా తిరిగిస్తూ, "కళ్ళున్నాయమ్మా నీకు. ఇంకెప్పుడూ బురఖాలు మర్చిపోకండి," అని కర్ర ఎత్తించాడు.

ఘాట్ ఎక్కుతుంటే వాన దంచింది. ఒకదాని పైన ఒకటి మలుపులు, ఎదురుగా బొగ్గు లారీలు, మా వైపరు సగం అద్దమే తుడుస్తుంది. బాబాయి తల బయటపెట్టి నడుపుతున్నాడు. నాకు భయం లేదు. రెండేళ్ళలో నేను తీసిన ఫోటోకి నా పేరు మొదటిసారి ఎక్కింది పోలీసు రిజిస్టరులో. నవ్వాలో ఏడవాలో తెలియక బాబాయి వీపు మీద గట్టిగా చరిచాను.

"ఏటే? ఏటైంది?"

"ఏం లేదు. నడుపు."

సంతలో ఆగాం

ఘాట్ దాటాక వాన లేదు. ఫరస్‌గావ్ దాటిన తర్వాత రోడ్డు పక్కనే సంత. రోడ్డుకి ఎర్రమట్టి అంచు, దాని మీద గుడ్డలు పరిచి చింతపండు, ఎండు చేపలు, ఇప్పపువ్వు, కోడిపుంజులు. పుంజుల్ని చూసి మారుతి ఆగింది, అంటే భాభీ ఆపించింది.

ఆకు దొప్పల్లో ఒకావిడ చాప్డా అమ్ముతోంది. ఎర్రచీమల పచ్చడి. దొప్ప పది రూపాయలు. పప్పూ "మేడమ్ తింటే నేను తింటా" అని రెచ్చగొట్టాడు. తిన్నాను. పుల్లగా, కారంగా, మన గోంగూరలో మిరపకాయ కొరికినట్టుంది. పప్పూ తినలేదు. ఆ సంగతి అందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

ఇంకొకావిడ సొరకాయ బుర్రలోంచి మండియా పేజ్ పోస్తోంది. తాగి చూద్దును కదా, చోడి అంబలి, అదే రాగి అంబలి! అచ్చం మా అమ్మమ్మ కాచేదే, కాస్త పులుపెక్కువ. బాబాయి రెండు దొప్పలు తాగి మూతి తుడుచుకుని, "ఇంత దూరమొచ్చి అంబలి తాగీసినాం కదే" అన్నాడు. ఆయన వాళ్ళమ్మని తలుచుకున్నాడని నాకు తెలుసు. నేను మాట మార్చి మూడో దొప్ప ఇప్పించాను.

అప్పుడు చూశాను. సంతలో కొనడం అయిపోయిన ఒకావిడ మా ఫియట్ దగ్గర ఆగింది. నడివయసు, మోకాళ్ళ దాకా చీర, తలమీద బుట్ట, బుట్టలో మూడు గుమ్మడికాయలు. డ్రైవరు పక్క గుండ్రటి అద్దంలోకి వంగింది. బుట్ట ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సిగలో జారిన ఎర్రపువ్వు సర్దుకుంది. వాన నీళ్ళు ఇంకా బండి మీద బొట్లుబొట్లుగా ఉన్నాయి, ఆ పావురం రంగు మీద. అద్దంలో ఆవిడ మొహం చిన్నగా, నవ్వబోయి ఆగినట్టు. ఒకటి తీశాను. రెండోది తీసేలోపు వెళ్ళిపోయింది. అదే ఫోటో అని తెలిసిపోయింది నాకు.

జగదల్‌పూర్

సాయంత్రానికి జగదల్‌పూర్ చేరాం. ఫోటోలు ప్రింటు తీయించడానికి స్టూడియో వెతికితే, దొరికింది తెలుగాయన. వాళ్ళది బొబ్బిలి వైపు. నేను హిందీలో అడిగాను, ఆయన హిందీలో చెప్పాడు, అయిదు నిమిషాలు అలాగే నడిచాక వెనక నించి బాబాయి "ఈ ప్రింట్లు ఇచ్చీసరికి దీపావళి ఎల్లిపోతాది" అని తెలుగులో గొణిగాడు. అంతే, స్టూడియో ఆయన కుర్చీలోంచి లేచాడు.

"మీది సీకాకోలమా?"

"మీదేటి?"

ఆ తర్వాత అరగంట నన్ను ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ళ మాటలు వానలో కొలనులా నిండిపోయాయి, ఎవరి మేనమామ ఎవరికి ఏమవుతాడో దాకా వెళ్ళాయి. ప్రింటుకి పదిహేను రూపాయలు. ఆరు తీయించాను. సంత ఫోటో ట్రేలోంచి వస్తుంటే ఆయన మాట ఆపేసి చూశాడు. "ఇది ఎవరు తీసినారు?" అని అడిగాడు.

ఒకే రోజు రెండోసారి. నేను నోరు తెరిచేలోపు బాబాయి, "మా అన్నయ్య కూతురే. బండి నాది," అన్నాడు.

లాడ్జీకి వస్తూ దారిలో చెప్పేశాను. "రేపు నా పేరు రాయమని అడుగుతాను. రాయకపోతే ఈ ఫోటో ఇవ్వను."

బాబాయి ఆగిపోయాడు. "అదే గదే మన ఫియట్ ఫోటో! అదే అట్ట మీదికెళ్తాదని నాకూ తెల్సు. అయిదేళ్ళు చూసినాను, నోటికాడికొచ్చినాక లాగీస్తావా?"

"నేను లాగట్లేదు. పక్కన ఇంకో పేరు పడితే నీ పేరు చిన్నదైపోతుందా?"

"తివారీ భయ్యా ఒప్పుకోడు. గ్రూపుకి అదొక పద్ధతి."

"నువ్వు ఒప్పుకుంటావా?"

ఆయన పాన్ డబ్బా దగ్గరికి వెళ్ళిపోయాడు. పాన్ తినడు మా బాబాయి.

చిత్రకోట్

జలపాతం గురించి ఎక్కువ రాయను. రాస్తే తేలిపోతుంది. మట్టి రంగు నీళ్ళు గుర్రపు నాడా ఆకారంలో విరిగి పడుతుంటాయి, మొహం మీద తుంపర, చెవిలో ఇంకేమీ వినపడదు. మీరు వెళ్ళండి. పడవ మనిషికి యాభై, బేరం చేయకండి, వాళ్ళు పొద్దంతా ఆ హోరులోనే ఉంటారు.

ఓటు మాత్రం చెప్తాను, అలాంటిది ఇంకెక్కడా చూడరు. పొద్దున్న టిఫినయ్యాక, నీళ్ళ హోరు కాస్త తగ్గే చోట, బండ్లు అర్ధచంద్రంలా నిలబెడతారు. ఎవరి బండిలో వాళ్ళు కూర్చోవాలి. ఒకాయన మధ్యలో నిలబడి ఫోటో పైకెత్తుతాడు. నచ్చినవాళ్ళు హారన్ కొడతారు. సగం కన్నా ఎక్కువ హారన్లు మోగితే ఖాయం. బండి లేనివాళ్ళు పక్కన నిలబడి చూడాలి. భాభీ అయితే బండిలోనే ఉంది. పక్కన నిలబడింది నేనొక్కదాన్నే.

తివారీ భయ్యా ఆరు ఫోటోలూ చూపించాడు. సంత ఫోటో ఎత్తగానే జీపు, మారుతి మోగాయి; సొంత బండి ఫోటోకి కొట్టకూడదు కాబట్టి ఫియట్ కొట్టలేదు. ఆయనే పరుగున వెళ్ళి తన కాంటెస్సా హారన్ కూడా కొట్టి వచ్చాడు. "మనిషి ఉండకూడదని మన పద్ధతి. కానీ ఇది వేరు. సింహాచలం, ఈసారి ఫియట్!" అని అరిచాడు. బాబాయి మొహం చూడాలి. పెళ్ళికొడుకులా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

నేను మధ్యలోకి నడిచాను.

"భయ్యా, కింద నా పేరు కూడా వేయాలి. తీసింది నేను."

ఆయన కోప్పడలేదు. అదే కష్టం, ఆయన మంచివాడు. "బిటియా, నువ్వు మా ఇంటి పిల్లవి. కానీ ఇది బండ్ల క్యాలెండర్. ఫోటో బండిది. రేపు కెమెరా కొన్నవాళ్ళందరూ పేరు అడుగుతారు."

"అడగనివ్వండి. తీస్తే వేయండి. వేయకపోతే ఈ ఫోటో నేను ఇవ్వను భయ్యా. కెమెరాలో ఉంది, అక్కడే ఉంటుంది."

ఆయన మీసం నిమురుకున్నాడు. "సరే. పద్ధతి మార్చాలంటే పద్ధతి ప్రకారమే మార్చాలి. నాలుగు బండ్లు, మూడు మోగాలి. నేను కొట్టను, ముందే చెప్తున్నా."

పప్పూ జీపు మోగింది, మాట పూర్తికాక ముందే. సాహు గారు కొట్టాలా వద్దా అని తివారీ భయ్యా వైపు చూస్తున్నారు. సావిత్రి భాభీ పక్క సీట్లోంచి చెయ్యి చాపి, ఆయన మోచేతిని తోసేసి కొట్టింది. "మా ఇంట్లో అయిదుగురు పిల్లల ఫోటోలు తీశాను, ఒక్కదాంట్లో నేను లేను!" అంది కిటికీలోంచి.

రెండు. ఇంక ఫియట్ ఒక్కటే.

ఫియట్ మోగలేదు.

బాబాయి స్టీరింగు మధ్యలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నా వైపు చూడట్లేదు. ఒక నిమిషం అయి ఉంటుంది. తివారీ భయ్యా ఫోటో కిందకి దించాడు. ఇంట్లో అందరికీ తెల్సు కదేటి అన్న మాట గుర్తొచ్చింది. కెమెరా మెడలోంచి తీసేసి బ్యాగులో పెట్టుకుంటున్నాను. బస్సులో వెళ్ళిపోదామనుకున్నాను, ఒట్టు.

అప్పుడు తలుపు చప్పుడైంది. బాబాయి దిగి, బానెట్ ఎత్తాడు. తల లోపల పెట్టి ఏదో తిడుతున్నాడు. "ఘాట్ కాడ వాన్లో తడిసిపోనాదిరా దీని తస్సాదియ్యా, నొక్కి నొక్కి వేలు పోనాది," అంటూ ఒక వైరు లాగి, పళ్ళతో తొక్క తీసి, తిన్నగా బ్యాటరీకి ఆనించాడు.

మోగింది. నిప్పురవ్వలు లేస్తున్నా వదల్లేదు. ఒక హారన్ కాదు, ఊరేగింపు. పడవల వాళ్ళు తిరిగి చూశారు, కోతులు చెట్టెక్కాయి. తివారీ భయ్యా చెవులు మూసుకుని "అయింది, అయింది, రాస్తాం!" అని అరిస్తే, బాబాయి బానెట్ కింద నించి, "ఏటీ? వినబళ్ళేదు!" అని ఇంకాసేపు పట్టుకున్నాడు.

తిరుగు దారి

అందరూ నవ్వుతున్నారు, పప్పూ ఈల వేస్తున్నాడు. సావిత్రి భాభీ ఫోటో చేతిలోకి తీసుకుని తీరిగ్గా చూసి, "మరి ఈవిడ పేరేమిటి?" అని అడిగింది.

నా నవ్వు ఆగిపోయింది. నాకు తెలియదు. అడగలేదు. నా పేరు కోసం ఇన్ని రోజులు కొట్టుకుపోయినదాన్ని, బుట్ట మోస్తూ నిలబడిన మనిషి పేరు అడగాలని తట్టలేదు. ఘాట్ కింద ఎస్సై అడిగితే నలుగురూ ఎలా మాట పడిపోయినట్టు నిలబడ్డారో, నేనూ అలాగే నిలబడ్డాను.

తిరిగి వస్తూ సంత దగ్గర ఆపించాను. ఈసారి బాబాయి గొణక్కుండా ఆపాడు. సంత లేదు. అది వారానికి ఒక్కరోజే. ఎర్రమట్టి, చిరిగిన దొప్పలు, రెండు కుక్కలు. టీ దుకాణం ఒక్కటి తెరిచి ఉంది. టీ కాచే ముసలావిడకి ప్రింటు చూపించాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని పట్టుకుంది, దూరంగా పెట్టి చూసింది, గట్టిగా నవ్వింది. అక్కడి హల్బీ భాష, నాకు సగమే అర్థమైంది. పప్పూ చెప్పాడు.

"ఈవిడ మరదలేనట. పేరు సుక్దయి. రెండు కోసుల అవతల ఊరు. అద్దంలో చూసుకుంటూ దొరికిపోయిందని వారమంతా ఏడిపిస్తుందట."

"ఫోటో క్యాలెండర్ మీద వేయొచ్చా అని అడుగు. ఆవిడనే అడగమను."

ముసలావిడ దుకాణంలోంచి ఒక పిల్లని సైకిలు మీద పంపింది. రెండు గంటలు కూర్చున్నాం. నాలుగు టీలు తాగాం. తివారీ భయ్యా వాచీ చూసుకున్నాడు గానీ బండెక్కలేదు. పిల్ల ఒక్కతే తిరిగొచ్చింది. సుక్దయి పొలంలో ఉందట, రాలేనందట. వేసుకోమందట. గుమ్మడికాయలు కూడా కనపడాలందట.

ప్రింటు ఆవిడకే ఇమ్మని టీ దుకాణంలో వదిలేసి వచ్చాం.

మొన్న నేను షెడ్డులో ఉండగా ప్రెస్సు నించి తివారీ భయ్యా ఫోన్ చేశాడు. నాకే చేశాడు, బాబాయికి కాదు. ఫోటో కింద పట్టీలో మూడు పేర్లు పట్టట్లేదట. సింహాచలం, తులసి, సుక్దయి, ముందు బండి పేరు, ఏడాది. అక్షరాలు తగ్గిస్తే చీమల్లా ఉంటున్నాయట. ఒకటి తీసేయాలి, ఏది తీసేయాలి బిటియా, అని అడిగాడు.

నేను బాబాయి వైపు చూశాను. ఆయన ఎవరిదో డోరు రుద్దుతున్నాడు. విషయం చెప్పాను.

"ఫియట్ అని రాయకపోతే జనాలకి తెలీదేటి? కళ్ళు లేవా?" అన్నాడు. "బండి పేరు తీసీమను."